నత్తనడక

ఉప్పలు కూడలి మొదలుకొని నారపల్లి వరకు ఎత్తైన వంతెనదారి యొకటి కట్టుటకు 2018వ సంవత్సరమున పని ప్రారంభమైనది. ఆరు కిలోమీటర్లకు కొంచెము మించిన ఆ దారి సగము లేచిన స్తంభములతో, పైకి పొడుచుకొనివచ్చిన ఇనుపచువ్వలతో ఏండ్ల తరబడి అట్లే నిలిచియుండెను. ఆ రోజులలో దినపత్రిక తెఱచితిమా, దానినిగూర్చి ఒక మాట తప్పక కనబడుచుండెను: పనులు నత్తనడకన సాగుచున్నవి. నాచారమునుండి ఆ దుమ్ములోబడి రాకపోకలు సలిపినవారము గనుక పత్రికలవారి కోపము న్యాయమైనదే యని మేమును ఒప్పుకొందుము. కాని ఆ కోపమును తీర్చుకొనుటకు వారు తెచ్చుకొన్న ఉపమానము న్యాయమైనదా? ఈ ప్రశ్ననే ఇక్కడ విచారింపదలచితిమి. మాట చిన్నదే, దాని వెనుకనున్న అలవాటు మాత్రము చాల పెద్దది.

అలంకారశాస్త్రము చదివినవారికి ఉపమకు నాలుగంగములు గలవని తెలియును: ఉపమేయము, ఉపమానము, రెండింటికిని సామాన్యమైన ధర్మము, పోలికను తెలుపు వాచకము. ఇక్కడ వంతెన ఉపమేయము, నత్త ఉపమానము. సామాన్యధర్మమేదని యడిగిన మందగమనమందురు. అయ్యా, వంతెన మందముగా నడువలేదు, నిలిచిపోయినది. నత్త నిలుచునది కాదు. ప్రొద్దుగ్రుంకి నేల చల్లబడగనే బయలుదేరి, తన జిగురును తానే పఱచుకొని, దానిపై ఒంటిపాదముతో జారుచు, రాలిన ఆకును చేరి, వేలకొలది సన్నని పండ్లుగల నాలుకతో గీరి తిని, తెల్లవారకముందే తేమగల తావునకు మరలును. నేటి పనిని రేపటికి మిగుల్చదు. మండువేసవిలో అది కదలదనుట నిజమే. అప్పుడు గుల్లవాకిటిని పొరతో మూసికొని, వానపడువరకు లోపల ప్రాణము నిలుపుకొనియుండును. గడువు తప్పిన కంట్రాక్టరుతో దానిని పోల్చుట ఉపమాదోషము. ఉపమేయముకంటె ఉపమానము తక్కువదైనచో హీనత్వదోషమని పూర్వాలంకారికులు చెప్పిరి. ఇక్కడ తక్కువైనది ఉపమేయము. మాట పడినది ఉపమానము.

ఇది యెవరో విలేఖరి తొందరలో చేసిన తప్పయినచో మేము కలము పట్టియుండము. మన భాషయంతయు నత్తను ఇట్లే చూచినది. నత్త యను మాట మిక్కిలి పాతది. తమిళులును దానిని నత్తై యందురు. ఇంత పాత మాట ఇన్ని తరములుగా మన నోట నానుచున్నను, దానితో మనము కట్టుకొన్న పలుకుబళ్లు ఏవి? నత్తనడక యొకటి. నత్తగుల్లలన్నియు ఒక రేవున, ముత్యపుచిప్పలన్నియు ఒక రేవున అను సామెత మరియొకటి. పెండ్లిసంబంధములు మాటాడుచోట, భోజనపు బంతులు తీర్చుచోట, ఎవరి యంతస్తు వారిదని నొక్కిచెప్పుటకు పెద్దలు ఈ సామెతను వాడగా మేము బాల్యమున పలుమారు వింటిమి. సంఘసంస్కరణమును కోరు ఇండ్లలో ఆ సామెతయందలి మనుష్యులగూర్చిన అర్థమును విడిచిపెట్టి చాలకాలమైనది. నత్తనుగూర్చిన అర్థమును ఎవరును విడువలేదు. ముత్యపుచిప్పయు నత్తయు ఒకే పెద్దకులమునకు చేరిన మెత్తని ప్రాణులని నేటి ప్రకృతిశాస్త్రము చెప్పుచున్నది. అనగా ఆ రేవులు రెండును మనము గీచినవే.

శంఖము సంగతి ఇంకను విచిత్రము. దేవతార్చనపీటమీద నుంచి మనము పూజించు శంఖము సముద్రపు నత్త తనకై కట్టుకొన్న యిల్లు. శంఖములో పోసినగాని తీర్థము కాదని సామెత పుట్టినది. సముద్రమున బుట్టిన గుల్ల విష్ణుమూర్తి చేతికెక్కెను. పెరటిలో బుట్టిన గుల్ల చీపురుకట్ట పాలాయెను. గుల్లలు కాల్చిన సున్నమును గోడలకు పూసికొంటిమి, తాంబూలమున వేసికొంటిమి. పొలములలోని నత్తలను ఏరి వండుకొనిన బీదకుటుంబములవారిని మాత్రము ఆ కూరను జూచి యీసడించితిమి. వాడుకొనుటలో మనకు నత్త పనికివచ్చెను. గౌరవించుటలో పనికి రాలేదు.

సంస్కృతమునందును ఒక సంగతి గమనింపదగియున్నది. అమరసింహుడు శంబూకమును వారివర్గమున నీటిచిప్పల సరసన చేర్చెను. ఆ శబ్దమే ఉత్తరకాండములో తపస్సు చేసినందుకు తల కోల్పోయిన శూద్రమునికి పేరుగా వినబడుచున్నది. పేర్ల పుట్టుక యెట్టిదైనను చెవికి రెండును ఒక్కటే. త్రిపురనేని రామస్వామిచౌదరిగారు 1920లో శంబుకవధ నాటకమును ప్రకటించి, ఆ ముని పక్షమున తెలుగుదేశమున పెద్ద వాదమును లేపిరి. చదువరులు మమ్ము తప్పుగా తలపకుందురు గాక. మనుష్యుని దుఃఖమును నత్త దుఃఖముతో త్రాసునబెట్టి తూచుట మా యుద్దేశము కాదు. ఒక ప్రాణికి ముందుగా అల్పమని పేరుపెట్టి, పిమ్మట ఆ పేరునే సాక్ష్యముగా జూపి దానిని వధ్యమని తీర్మానించు బుద్ధి యొకటి కలదు. అది ఎక్కడ పనిచేసినను ఒకే విధమున పనిచేయునని మాత్రమే మేము చెప్పుచున్నాము.

ఆ బుద్ధి మాయందును గలదని మాకు తెలిసివచ్చిన దినమొకటి యున్నది. దానిని దాచి ఇతరులను విమర్శించుట ధర్మము కాదు. ఒక వానకాలమున మా బడిపెరటిలో క్రోటనుమొక్కల కుండీలు కొన్ని తెప్పించి పెట్టితిమి. కొన్ని వారములకు వాని మొదళ్లలో, గోధుమవన్నె చారలతో, కొనదేరిన పొడుగాటి గుల్లలుగల పెద్ద నత్తలు కనబడెను. అవి ఆఫ్రికా నత్తలనియు, కూరపాదులను, పంటలను తినివేయుననియు, వానివలన ఎలుకల ఊపిరితిత్తులలోని సన్నపురుగు మనుష్యులకు సోకి మెదడుపొరలకు వాపు కలుగవచ్చుననియు మేము చదివియుంటిమి. వెంటనే ఎనిమిదవ తరగతి పిల్లల చేతులకు తొడుగులిచ్చి, పెరటిలోని నత్తలనన్నిటిని ఏరి ఉప్పునీళ్ల తొట్టిలో వేయుడని చెప్పితిమి. పేరులోనే ఉప్పు ధ్వనించు ఉప్పలు మా పొరుగూరు, ఉప్పునకేమి కొదువ! పిల్లలు పండుగవలె ఏరిరి. ఒక బాలిక మాత్రము రెండు నత్తలను అరచేతిలో బెట్టుకొని మా యొద్దకు వచ్చెను.

"సార్, ఇవి ఆ పెద్దవాటి పిల్లలు కావు గదా. వీటి గుల్ల బిళ్ళ లెక్క ఉన్నది. వీటినెందుకు ఉప్పుల ఎయ్యాలె?"

"అన్నీ నత్తలేనమ్మా, ఎయ్యి" అంటిమి. ఆమె వేసెను.

సాయంకాలము తొట్టి కుమ్మరించి చూడగా పొడుగుగుల్లలు తొమ్మిది లెక్కకు వచ్చినవి. బిళ్ళగుల్లలు అరువదికి పైబడినవి. రాత్రి పుస్తకములు ముందు వేసికొని పోల్చి చూచితిమి. చదునుగా చుట్టుకొని, తెల్లని మేనిపై ముదురు గీతలు గల ఆ గుల్లలు దక్షిణదేశమున తరతరములుగా పుట్టిపెరుగు క్రిప్టోజోనా యను నత్తవి. అవి ఆ నేలవి. కుండీలకంటె, బడికంటె, మాకంటె ముందటివి. తొమ్మిది పరదేశపు నత్తలను చంపుటకై అరువది స్వదేశపు నత్తలను ఉప్పుపాలు చేసితిమి. అమరము వల్లెవేసిన మా కన్ను చూడనిదానిని ఎనిమిదవ తరగతి బాలిక కన్ను చూచినది. చూచి చెప్పినను మేము వినలేదు. ఎందువలన? మా నోట రెండింటికిని ఒకే మాట యుండెను.

మా పెరటిలో జరిగినది చిన్న తప్పు. క్రిప్టోజోనాకు దేశము విశాలము, అది తిరిగి పెరుగును. ఇదే తప్పు సముద్రమధ్యమున, పారిపోవుటకు మరియొక చోటు లేని ద్వీపములలో జరిగినది. ఆ కథ తెలిసిన పిమ్మట మాకు నత్తనడక యను మాటను తేలికగా వాడుట సాధ్యము కాలేదు. కథ మన దేశమునుండియే కొంత మొదలగుచున్నది.

ఆఫ్రికా నత్త మనదేశమునకు తనంత తాను నడచి రాలేదు. 1847లో విలియం బెన్సన్ అను ఆంగ్లేయోద్యోగి దానిని మారిషస్ నుండి కలకత్తాకు తెచ్చెను. ఆయన నత్తల పండితుడు. భారతదేశపు నత్తజాతులనేకములను మొదట వర్ణించి శాస్త్రనామములు పెట్టినవాడు. నత్తలను ప్రేమించినవాడే నత్తలకు శత్రువును తెచ్చిపెట్టెనన్నమాట. ఒక్కొక్కటి ఏటికి వందలకొలది గ్రుడ్లు పెట్టు ఆ ప్రాణి ఆసియాఖండమున వ్యాపించి, మనుష్యుల మూటలతోను మొక్కలతోను పసిఫిక్ మహాసముద్రపు దీవులకు చేరెను. 1936లో హవాయికిని, 1967లో తాహితికిని పోయెను. తోటలు పాడైనవి. ప్రజలు మొఱపెట్టిరి. ప్రభుత్వములవారు శీఘ్రమైన పరిహారమును వెదకిరి.

అమెరికా ఆగ్నేయభాగమున గులాబివన్నె తోడేలునత్త యని యొకటి కలదు. అది ఆకులు తినదు. ఇతర నత్తలను తినును. వాని జిగురుజాడను పసిగట్టి, వానికంటె రెండు మూడు రెట్లు వడిగా నడచి, వెన్నాడి పట్టుకొనును. ఇది ఆఫ్రికా నత్తను తినివేయునని తలచి, దీనిని 1955లో హవాయియందును, 1974లో తాహితియందును, 1977లో తాహితి ప్రక్కనున్న మోరియా ద్వీపమునందును విడిచిరి. ఆఫ్రికా నత్త దీనివలననే తగ్గెనని చెప్పుటకు నమ్మదగిన సాక్ష్యము దొరకలేదు. తోడేలునత్తకు ఆ పెద్దవానికంటె సులభమైన ఆహారము దొరికెను. ఆ దీవుల లోయలలో చెట్ల ఆకుల క్రింద, గోరంత గుల్లలతో, పార్తులా యను నత్తలు బ్రదుకుచుండెను. మోరియాలో అవి ఏడు జాతులు. 1987 నాటికి, అనగా పదియేండ్లలోపల, ఆ యేడింటిలో ఒక్కటియు ఆ యడవిలో మిగులలేదని పండితులు తలచిరి. ఎలుకమీది కోపమున ఇంటికి నిప్పుపెట్టుకొనుట మన సామెత. ఇక్కడ ఇల్లు కాలెను. ఎలుక బయటనే తిరుగుచుండెను.

పార్తులాలు ఎవరికిని తెలియని ప్రాణులు కావు. అమెరికా పండితుడు హెన్రీ క్రాంప్టన్ 1906 మొదలుకొని ఆ దీవులలో లోయలోయకు తిరిగి, వేలకొలది గుల్లలను ఏరి, కొలిచి, మోరియా నత్తలగూర్చిన సంపుటమును 1932లో ప్రకటించెను. ఒక లోయలోని నత్త ప్రక్కలోయలోని నత్తవలె ఉండదు. ఒకచోట గుల్ల కుడివైపునకు చుట్టుకొనును, మరియొకచోట ఎడమవైపునకు. జాతులు ఎట్లు వేరుపడునో కన్నులారా చూచుటకు ఆ లోయలు పాఠశాలలైనవి. పిమ్మట బ్రయన్ క్లార్కు, జేమ్సు మరే, మైకేలు జాన్సన్ అను పండితులు ఆ పనిని కొనసాగించి, తమ కన్నులయెదుటనే ఆ పాఠశాల మూతపడుచుండగా 1984లో ఆ విషయమును వ్రాసి లోకమునకు చెప్పిరి. కొలతల పట్టికలతో నిండిన గ్రంథమును ఎవరును కావ్యమనరు. అయినను ఆ పట్టికలలోని ప్రాణులు లేకపోయిన పిమ్మట ఆ యంకెలే వాని స్మృతిచిహ్నములైనవి.

అన్నిటికంటె మించి మా మనస్సును కలచినది పార్తులా స్వభావము. అది గ్రుడ్లరాసులు పెట్టదు. పిల్లను కనును, అదియు ఒక్కొక్కదానిగా. మెల్లగా పెరుగును, మెల్లగా తినును, పుట్టిన చెట్టునకు దూరముగా పోదు. వేటాడు నత్త లేని లోకమున ఆ నెమ్మది చాలినది. మనము నత్తనడకయని వెక్కిరించునదే దాని జీవితధర్మము. దానిమీదికి వేగమును తెచ్చి వదలినవారు మనుష్యులు.

ఇక పత్రికలు ఈ సంగతులను ఎట్లు వ్రాసినవో విమర్శింపవలసియున్నది. హవాయి దీవులలో 750కి పైగా నేలనత్తల జాతులుండెను. వానిలో చాలభాగము ఇప్పుడు లేవు. అవి పోవుచుండగా లోకమున శోకవార్తలు వ్రాసినవారరుదు. 2019 జనవరి 1వ తేదీన అకాటినెల్లా అపెక్సుఫుల్వా యను జాతిలో కడపటి నత్త హవాయిలో మనుష్యుల పెంపకమున చనిపోయినది. వయస్సు సుమారు 14 ఏండ్లు. ఈ వార్త ఖండఖండాంతరములకు ప్రాకినది. కారణమేమన, పెంచినవారు దానికి ఒంటరి జార్జి యని ముద్దుపేరు పెట్టియుండిరి. ఆ పేరైనను దానిది కాదు. గలాపగోస్ దీవులలో 2012లో చనిపోయిన తాబేలుకు ముందుగా పెట్టినది. నత్త యొకే దేహమున ఆడుదియు మగదియు నగును. అయినను జార్జి కొడుకో కోడలో లేని ముసలివానివలె కథలకెక్కెను.

ఆ జాతి యూరపియనుల గ్రంథములకు మొదట ఎక్కినది 18వ శతాబ్దాంతమున, హవాయివారు కానుకగా నిచ్చిన గుల్లలదండలోని పూసగా. చివరకు లోకమునకు తెలిసినది మనుష్యనామము తగిలించుకొన్న వింతగా. మొదట ఆభరణము, కడకు కథానాయకుడు; నడుమ నత్తగా దానిని చూచినవారు కొద్దిమంది పెంపకందారులు, పండితులు మాత్రమే. వారు 2017లో దాని పాదమునుండి రెండు మిల్లీమీటర్ల ముక్కను తీసి, సాన్‌డియాగోలో అతిశీతలమున భద్రపరచిరి. మేము ఆ శోకవార్తలను నిందింపము. పేరుపెట్టనిదే మనుష్యుని కన్ను తడియదనుట మనుష్యుని బలహీనత. ఆ బలహీనతను సవరించుట సాహిత్యమునకు గల పనులలో ఒకటి గనుక దానిని ఎత్తిచూపుచున్నాము. పులికి, ఏనుగునకు మనము పేరు లేకున్నను ఏడ్చుదుము. 1500వ సంవత్సరమునుండి అంతరించినట్లు లెక్కకెక్కిన జంతుజాతులలో నూటికి దాదాపు నలుబది నత్తలు, ఆల్చిప్పల కులమునకు చేరినవే. ఆ నలుబదిలో చదువరులు ఒక్కదాని పేరు చెప్పగలరా? ఈ వ్యాసమునకు ముందు మేమును చెప్పలేము.

కథ ఇంతటితో ముగిసినచో దీనిని వ్రాయుటవలన ప్రయోజనము లేదు. మోరియా మొదలగు దీవులలో పార్తులాలు పూర్తిగా పోకముందే పండితులు కొన్నింటిని ప్రాణములతో తీసికొనిపోయిరి. ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశముల జంతుశాలలలో చిన్న పెట్టెలలో, తేమయు వెచ్చదనమును తప్పకుండ, వానిని తరతరములుగా పెంచిరి. అన్నియు బ్రదుకలేదు. పార్తులా టర్జిడా యను జాతిలో కడపటిది 1996 జనవరిలో లండను జంతుశాలలో చనిపోయెను. అయినను పెంచువారు మానలేదు. 2015 నుండి దీవులకు మరల వానిని తీసికొనిపోయి చెట్లపై విడువసాగిరి. విడుచుటకు ముందు ప్రతి గుల్లపై మెఱయు రంగుచుక్క నొకటి పెట్టుదురు. చీకటిలో దీపము వేసిన అది కనబడును. 2024లో మోరియాయందు పార్తులా తోహివియానా జాతికి చెందిన పెద్దనత్తలు చుక్కలేకుండ దొరికినవి. చుక్క లేదనగా ఎవరును తెచ్చి విడువలేదనుట. ఆ చెట్లపైననే పుట్టి, ఆ చెట్లపైననే పెరిగి పెద్దవైనవనుట. అప్పటికి ఆ దీవులలో విడిచిన నత్తలు అన్ని జాతులును గలిపి 30,000కు పైగా. ఆ జాతి పట్టికలో అడవిలో అంతరించినది అను వరుసనుండి మిక్కిలి ఆపదలోనున్నది అను వరుసకు మార్చబడెను. మిక్కిలి ఆపదలోనున్నదను మాటకు జనులు సంతోషించిన సందర్భము ఇంతకుముందు మేము వినలేదు.

చదువరులు ఈ రెండు కాలములను ప్రక్కప్రక్కన బెట్టి చూడవలెను. చంపుటకు పది యేండ్లు పట్టలేదు. ఒక్కదానిని తిరిగి నిలుపుటకు నలుబది యేండ్లు దగ్గఱగా పట్టెను; అదియు నిలిచినదని చెప్పుటకు ఇంకను కాలము చాలదు. చంపినది వేగము. నిలిపినది నత్తనడక. పెట్టె తుడుచుచు, ఆకు మార్చుచు, పిల్లలను లెక్కించుచు, ఎవరును మెచ్చుకొనకున్నను మరుదినము మరల ఆ పనియే చేయువారి నడక అది. తొందరపడిన పరిహారమువలన ఎంతటి కీడు కలుగునో సంస్కర్తలమని చెప్పుకొను మనము తెలిసికొనవలసిన పాఠము ఇంతకంటె స్పష్టముగా మరియెక్కడను లేదు. దోషమును జూచి కోపించుట సులభము. ఆ కోపముతో ఏ నేలపై అడుగు వేయుచున్నామో, ఆ నేలపై పేరులేనివి ఏమేమి యున్నవో చూచుటకు ఓర్పు కావలెను.

ఇట్టి ఓర్పు మన పొరుగునను లేకపోలేదు. ఉప్పలు పోవు రోడ్డుననే హబ్సిగూడలో కణ, అణుజీవశాస్త్ర పరిశోధనకేంద్రము కలదు. దానికి చేరిన అత్తాపూరు శాఖ ఆపదలోనున్న ప్రాణులను కాపాడుటకే యేర్పడినది. అక్కడివారి కృషివలన 2006లో కృత్రిమగర్భధారణముచే చుక్కలదుప్పి పిల్ల పుట్టెను. నెహ్రూ జంతుశాలలో మూషికజింకలను పెంచి నల్లమలలోని అమ్రాబాదు అడవిలో విడిచిరి. పులిని జూచి పరవశించు కన్ను కుందేలంత మూషికజింక వఱకు దిగివచ్చినది. ఇది సామాన్యమైన మార్పు కాదు. ఇంకను ఒక మెట్టు దిగి, వ్రేలంత నత్త వఱకు వచ్చుట పాఠకుల పని, వ్రాయువారి పని.

మాకు ఎదురుగా రెండు మాటలు చెప్పుదురు. మొదటిది: నత్త పంటకు చేటు, రైతునడుగుడు. నిజమే. ఆఫ్రికా నత్తను ఏరి తొలగింపవలసినదే. స్వదేశపు నత్తయు లేత నారును కొఱుకుననుట మేము కాదనము. చేలో నారు కాపాడుకొనుట వేరు, కనబడినదానినెల్ల చంపుట వేరు. రెండవది: ఆకలిగొన్న మనుష్యులుండగా నత్తలకై కన్నీరేల? నత్త కేవలము కన్నీటికి మాత్రమే కావలసినది కాదు. నత్తలు రాలిన ఆకును తిరిగి మన్నుగా మార్చును. నెదర్లాండు దేశపు అడవులలో మన్ను పులిసి నత్తలు తగ్గగా, వాని గుల్లలలోని సున్నము దొరకక చిన్నపిట్టల గ్రుడ్లపెంకులు పలుచనై పగిలిపోయినవని అక్కడి పండితులు 1990వ దశకమున చూపిరి. పిట్టపాట వినగోరువాడు నత్తను ఉప్పుపాలు చేయరాదని దీని భావము.

ద్వీపమనగా చుట్టును సముద్రమున్న భూమి మాత్రమే యని తలపనక్కరలేదు. కాలిన తారురోడ్డు నత్తకు సముద్రమే. ఉప్పలునకును నాచారమునకును నడుమ, కర్మాగారముల గోడలకును కొత్త మేడలకును నడుమ మిగిలిన ప్రతి పెరడు, ప్రతి చెఱువుగట్టు, ప్రతి గుడిపూలతోట ఒక ద్వీపము. ఆ ద్వీపమునకు పాలకులు మన యింటివారే. కుండీ కొనితెచ్చినపుడు మొదలును మన్నును ఒకసారి పరీక్షించుడు. పొడుగాటి కొనదేరిన పెద్దగుల్ల కనబడిన, తొడుగు లేక ముట్టక తీసివేయుడు. పిల్లలచేత కడుగని కూరాకు తినిపింపకుడు. ఉప్పు నేలపై చల్లకుడు, నేలయే చెడును. చదునుగా చుట్టుకొన్న గుల్ల కనబడిన దానిని దాని దారిన పోనిండు. చెట్టుక్రింద కొన్ని రాలుటాకులు ఊడ్వక విడువుడు. దీనికి ధనము అక్కఱలేదు. చూచిన పిమ్మట చేయి కదల్చు ఓర్పు చాలును.

ఆ బాలిక మరుసటి వానకాలమున తన నోటుపుస్తకములో రెండు నత్తలను గీచి తెచ్చెను. ఒకదానిక్రింద ఆఫ్రికా నత్త యని వ్రాసియుండెను. రెండవదానిక్రింద ఏమి వ్రాయవలెనో ఎవరును చెప్పనందున తానే ఒక మాట చేసి, బిళ్ళనత్త యని వ్రాసెను. మేము ఎఱ్ఱసిరా కలమును మూసివేసితిమి. ఇంతకాలము మన భాషయందు లేని మాట యొకటి ఒక పన్నెండేండ్ల పిల్ల చూపువలన పుట్టినది. అర్థము స్పష్టము, సమాసము నిర్దుష్టము. కోశకారులు దీనిని చేర్చుకొందురో లేదో వారి యిష్టము. మా బడిపెరటిలో మాత్రము అది చేరినది. ఆ యేడు ఉప్పునీళ్ల తొట్టి పెట్టినపుడు పిల్లలు మొదట అడిగిన ప్రశ్న, సార్, ఇది ఏ నత్త? అని.